లైసెన్సు అక్కర్లేదని సర్టిఫికెట్టు

"ఈ రోజుతో మన ఆకాశానికి స్వాతంత్ర్యం వచ్చింది!"

తెనాలిలో ఒక కల్యాణ మండపంలో రాజ్యసభ సభ్యులు పూర్ణానందం గారు ఈ మాట ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి. ఆకాశానికి ఇన్నాళ్లూ స్వాతంత్ర్యం లేదన్న సంగతి ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు అప్పుడే తెలిసింది. తెలియగానే బాధపడి, ఆ వెంటనే వచ్చేసిందని సంతోషించి, రెండు పనులూ కలిపి ఒకే విడత చప్పట్లలో కానిచ్చారు.

పూర్ణానందం గారు చెప్పిన వివరాలు ఇవి. మన దేశంలో ఒక సమాచార ఉపగ్రహం పని మొదలుపెట్టాలంటే ఇరవై రెండు సంతకాలు కావాలి. ఉపగ్రహం పైకి చేరడానికి పట్టే రోజులకన్నా దాని ఫైలు ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు చేరడానికి పట్టే రోజులే ఎక్కువ. ఈ అన్యాయాన్ని రూపుమాపడానికి లైసెన్సుల సంస్కరణ బిల్లు వస్తోంది. దాన్ని పరిశీలించే కమిటీలో ముప్పై మంది సభ్యులున్నారు, అందులో పూర్ణానందం గారు ఒకరు. మిగతా ఇరవై తొమ్మిది మంది గురించి ఆయన పల్లెత్తు చెడ్డమాట అనలేదు. వాళ్ల ప్రస్తావనే తేలేదు.

"ఇరవై రెండు సంతకాలున్న చోట ఇక ఒకటే సంతకం! సింగిల్ విండో! ఒకే ఒక్క కిటికీ!" అన్నారాయన.

"కిటికీ ఎక్కడ పెడతారండి?" అని కొల్లిపర నుంచి వచ్చిన రైతు ఒకాయన వెనక నుంచి అడిగాడు.

"తెనాలిలోనే" అన్నారు పూర్ణానందం గారు, ఏమాత్రం తడుముకోకుండా.

మళ్లీ చప్పట్లు. ఈసారి అందరికన్నా గట్టిగా కొట్టాల్సిన మనిషి శాలేమురాజు. కానీ అతని చేతుల్లో పళ్లెం ఉంది.

శాలేమురాజు పార్టీ మత్స్యకార విభాగానికి రేపల్లె కన్వీనరు. అది పేపర్లో పడే హోదా. అసలు హోదా వేరు. పద్దెనిమిదేళ్లుగా పూర్ణానందం గారు ఎక్కడ ఏ రిబ్బను కత్తిరించినా, ఆయన వెనక రెండడుగుల దూరంలో స్టీలు పళ్లెం పట్టుకుని నిలబడేది అతనే. పళ్లెంలో పసుపు, కుంకుమ, నాలుగు బంతిపూలు, ఇత్తడి పిడుల కత్తెర ఉంటాయి. నాయకుడు వెనక్కి తిరిగి చూడడు. జనంతో మాట్లాడుతూనే కుడిచెయ్యి వెనక్కి చాపుతాడు, కత్తెర వచ్చి అందులో పడుతుంది. వాటర్ ట్యాంకులు, ఏటీఎంలు, బస్ షెల్టర్లు, అందులో ఒక షెల్టరైతే రెండుసార్లు, అన్నీ ఆ కత్తెరతోనే ప్రారంభమయ్యాయి. దానికి సాన పట్టించేదీ, నూనె రాసేదీ, పని కాగానే రుమాల్లో చుట్టి ఇంటికి తీసుకుపోయేదీ శాలేమురాజే. "మన రాజు లేకపోతే ఇటుపక్క ఏదీ ప్రారంభం కాదయ్యా" అని పూర్ణానందం గారు ఒకసారి నలుగురిలో అన్నారు. ఆ మాట శాలేమురాజు ఇప్పటికి నాలుగొందల మందికి చెప్పి ఉంటాడు.

ఈ బిల్లుతో అతనికి సొంత పని కూడా ఉంది. రేపల్లెకు దిగువన, సముద్రం ఒడ్డున దిబ్బపాలెంలో అతని అక్క ధనమ్మకు మోటారు పడవ ఉంది. బావ యేసుపాదం దాని మీద వేటకు వెళతాడు. రెండేళ్ల కిందట నడిసముద్రంలో ఇంజను ఆగి, సెల్‌ఫోన్‌కు సిగ్నలు లేక, నాలుగు రోజులు కొట్టుకుపోయాడు. ఐదో రోజున ఎవరిదో పడవ చూసి, తాడు కట్టి లాక్కొచ్చింది. అప్పటి నుంచి మొగుడు వేటలో ఉన్నన్ని రోజులూ ధనమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగు పెడితే ఇంత తింటుంది, లేకపోతే లేదు.

ఆ సంగతి విని ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు ఆ పడవకు పసుపుపచ్చ పెట్టె ఒకటి ఇచ్చి వెళ్లారు. అన్నం క్యారేజీ అంత ఉంటుంది. నాలుగు మాటలు టైపు చేసి ఎర్ర బటన్ నొక్కితే అది నేరుగా ఉపగ్రహంతో మాట్లాడి, పడవ ఎక్కడుందో అంకెలతో సహా ఒడ్డు మీద ఒక ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. అయితే ఉపగ్రహంతో మాట్లాడే ఏ వస్తువుకైనా లైసెన్సు ఉండాలని పాత చట్టం. అందుకని పెట్టె వచ్చిన మూడోరోజే బాపట్ల నుంచి పరికరాల నియంత్రణ అధికారి వీరరాఘవయ్య గారు వచ్చారు. పెట్టెను తెల్లగుడ్డలో పెట్టి కుట్టించి, ముడి మీద లక్క కరిగించి ముద్ర కొట్టి, మళ్లీ ధనమ్మ చేతికే ఇచ్చి, ముట్టినట్టు రసీదు రాయించుకుని వెళ్లారు. ఏడాదిన్నరగా అది ఆమె ఇంట్లో బియ్యం డ్రమ్ము మీద ఉంది.

పూర్ణానందం గారు ధనమ్మను వేదిక మీదకు పిలిపించారు.

"అమ్మా, నీ పెట్టె కట్లు విప్పడానికే ఈ చట్టం తెస్తున్నాం. నువ్వు మా లబ్ధిదారు నంబర్ వన్!"

ధనమ్మ మైకును చూసి జంకే మనిషి కాదు. "బాబూ, జూన్ పదిహేనుకి వేట మొదలవుద్ది. ఆ లోపల అవుద్దా?" అంది.

"అంతకు ముందే అవుద్దమ్మా! ఆ ముద్ర నా చేత్తో నేనే కత్తిరిస్తా. అప్పటిదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

నా చేత్తో అన్నప్పుడు ఆయన కుడిచెయ్యి అలవాటుగా వెనక్కి వచ్చింది. శాలేమురాజు అలవాటుగా కత్తెర పెట్టాడు. కత్తిరించడానికి అక్కడేమీ లేదని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఫొటో మాత్రం చక్కగా వచ్చింది.

*

ప్రజాస్వామ్యం మీద పూర్ణానందం గారికి గౌరవం ఎక్కువ. అందుకని బిల్లు మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టించారు, బాపట్లలో. హాలు నిండింది. ఆయన పీఏ వాసిం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఎవరేం చెప్పినా వదలకుండా ఎక్కించుకున్నాడు.

చెరుకుపల్లి నుంచి వచ్చిన పెద్దమనిషి, తమ మండలం మీద నిలబడే ఉపగ్రహాలకు పంచాయతీ తీర్మానం ఉండాలన్నాడు. కర్లపాలెం నాయకుడు ఒకాయన, ఈసారి ఎగిరే ఉపగ్రహానికి స్వర్గస్థులైన తన తండ్రిగారి పేరు పెట్టాలన్నాడు.

"మా నాయన జీవితమంతా ఆకాశం వంకే చూశాడండి."

"నక్షత్రాలంటే ఇష్టమా?" అని అడిగారు పూర్ణానందం గారు.

"కాదండి. వాన కోసం."

వీరరాఘవయ్య గారు ఫైలు చంకలో పెట్టుకుని లేచారు. "సార్, కొత్త చట్టంలో స్థల పరిశీలన ఎవరు చేస్తారన్నది స్పష్టంగా లేదు. దరఖాస్తులో చెప్పిన చోటే ఉపగ్రహం ఉందా లేదా అని ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలి కదండి. మా ఆఫీసుకు జీపు కూడా లేదు."

"నోట్ చేసుకో" అన్నారు పూర్ణానందం గారు. వాసిం జీపు అని రాసుకున్నాడు.

చివర్లో కరుణశ్రీ అనే ఫిజిక్సు లెక్చరర్ మాట్లాడింది. "సార్, ఉపగ్రహం నడిపే కంపెనీకి లైసెన్సు ఎలాగూ ఉంటుంది. దాంతో మాట్లాడే చిన్న చిన్న పెట్టెలకు మళ్లీ విడిగా ఎందుకండి? ప్రాణాపాయంలో వాడే పెట్టెలకు లైసెన్సు అవసరం లేదని బిల్లులో ఒక్క వాక్యం రాయించండి, చాలు" అని కూర్చుంది.

అంత తక్కువ మాటల్లో ఉన్నది సూచనేనా అని అందరూ పక్కవాళ్ల మొహాలు చూసుకున్నారు. పూర్ణానందం గారే ముందుగా తేరుకుని "అద్భుతం" అని ఆమెకు శాలువా కప్పారు. శాలువా కప్పించుకున్న సూచనలు సాధారణంగా శాలువాతోనే ఆగిపోతాయి. వాసిం దాన్ని కూడా మిగతావాటితో కలిపి ఢిల్లీకి పంపాడు. ఆ రోజు శాలేమురాజు హాలు చివర నిలబడి, ఈ అమ్మాయికి రాజకీయం తెలియదు పాపం అనుకున్నాడు.

బిల్లు పాసయింది. పెద్ద పెద్ద సెక్షన్ల మీద పెద్ద పెద్ద కంపెనీలు కొట్లాడుకుంటుంటే, కరుణశ్రీ వాక్యం ఎవరి కంటా పడక బిల్లులోనే మిగిలిపోయింది. మే నెలలో గెజిట్ వచ్చిన రోజున ఆమే శాలేమురాజుకు ఫోన్ చేసింది.

"రాజు గారూ, నలభై ఏడో సెక్షన్ చూడండి. ఇక లైసెన్సు అక్కర్లేదు. మీ అక్కయ్య గారిని పెట్టె విప్పేసుకోమనండి."

అక్కడితో అయిపోవాల్సింది. కానీ శాలేమురాజు క్రమశిక్షణ గల కార్యకర్త. వేసినవాళ్లే విప్పాలి గదా అని, గెజిట్ జిరాక్సు తీయించుకుని బాపట్ల బస్సెక్కాడు.

వీరరాఘవయ్య గారు జిరాక్సు మొత్తం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"లైసెన్సు చూపించండి, ముద్ర విప్పేస్తాను."

"లైసెన్సు అక్కర్లేదని చట్టం వచ్చిందిగదండి."

"వచ్చింది. చాలా మంచి చట్టం. కాబట్టి మీకు లైసెన్సు ఇవ్వడానికి ఇక వీల్లేదు. లైసెన్సు లేకుండా ముద్ర విప్పడానికి వీల్లేదు."

"మరెట్టాగండి?"

"మీకు లైసెన్సు అక్కర్లేదని నాకెలా తెలుస్తుంది? దానికో సర్టిఫికెట్టు ఉండాలి."

"ఏ సర్టిఫికెట్టండి?"

"లైసెన్సు అక్కర్లేదని సర్టిఫికెట్టు."

"అదెవరిస్తారండి?"

"నేనే."

"ఇచ్చెయ్యండి మరి."

"ఫారం రావాలి కదండి" అన్నారు వీరరాఘవయ్య గారు, నొచ్చుకుంటూ.

శాలేమురాజు బయటకొచ్చి వాసింకు ఫోన్ చేశాడు. ఈ సంగతి వింటే నాయకుడు మండిపడి, అక్కడికక్కడే ఆఫీసు దుమ్ము దులిపేస్తాడని అతని నమ్మకం. తీరా వాసిం చెప్పగానే పూర్ణానందం గారు సంతోషంతో కుర్చీలోంచి లేచారట. గెజిట్ వచ్చిన దగ్గర నుంచి ఆయనకు నిద్ర లేదు. ఇంత గొప్ప చట్టం తెచ్చాక వేదిక మీద జనానికి ఏదో ఒకటి పంచాలి. ఏమీ అక్కర్లేదన్నదాన్ని ఎలా పంచుతారు? ఇప్పుడు దారి దొరికింది. సర్టిఫికెట్టు, దాని మీద ఫొటో, రేపల్లెలో భారీ సభ, లబ్ధిదారు నంబర్ వన్ పెట్టెకు ముద్ర కత్తిరింపు.

ఫారం తెనాలిలో రెండు రోజుల్లో తయారైంది. ఇరవై రెండు కాలమ్‌లు. తొమ్మిదో కాలమ్‌లో "తొలి సందేశం అందుకోవాల్సిన ఫోన్ నంబరు" అని ఉంది. పెట్టెలో ఒక్క నంబరే ఎక్కుతుంది, అంతవరకూ ధనమ్మది ఉండేది. సభలో తొలి సందేశం ఎల్ఈడీ తెర మీద కనపడాలి కాబట్టి వాసిం కంపెనీకి రాసి తన నంబరు పెట్టించాడు.

"ఒక్కరోజు పనేలే అక్కా" అన్నాడు శాలేమురాజు.

*

సభ జూన్ పదికి అనుకున్నారు. మంత్రిగారు కూడా వస్తానన్నారని పద్దెనిమిదికి మార్చారు. మంత్రిగారు రానన్నారని ఇరవై అయిదుకు మార్చారు. ఇరవై అయిదు నాటికి సిద్ధాంతిగారు పంచాంగం తీసి, ముంచుకొచ్చింది ఆషాఢం, నెల్లాళ్లు ఏ ప్రారంభోత్సవమూ వద్దన్నారు.

"మనకి ఆషాఢం ఏంట్రా?" అంది ధనమ్మ. "ఆదివారం ఆరాధన తప్ప మనం ఏ వారం చూశాం, ఏ వర్జ్యం చూశాం?"

"మనకి కాదక్కా. ఆయనకి."

"సముద్రంలోకి ఎల్లేది ఆయనా, మీ బావా?"

వేట మొదలై అప్పటికే పది రోజులైంది, పడవలన్నీ వెళ్లి వస్తున్నాయి. యేసుపాదం గుడ్డ చుట్టిన పెట్టెను అలాగే పడవలో, చెక్క కింద పెట్టుకుని తిరుగుతున్నాడు. బయల్దేరే ముందు ప్రతిసారీ శాలేమురాజు మోకాలి లోతు నీళ్లలో దిగి మరీ చెప్పేవాడు.

"బావా, ముద్ర మాత్రం తెంపొద్దు. సార్ వేదిక మీద అందరి ముందూ మాటిచ్చాడు. తెంపావంటే పద్దెనిమిదేళ్ల నా పరువు పోద్ది."

"నీ పరువు నా పడవలో పెట్టావేంట్రా రాజూ" అని నవ్వేవాడు యేసుపాదం. "సరేలే. తెంపన్లే."

మరో ఇద్దరితో కలిసి నాలుగో విడత వేటకు వెళ్లినవాడు సోమవారం సాయంత్రానికి రావాలి. రాలేదు. మంగళవారం గాలి తిరిగింది. ఊళ్లో మిగతా పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. యేసుపాదం ఫోన్ అందుబాటులో లేదంటోంది. ధనమ్మ తమ్ముణ్ని ఒక్కమాట అనలేదు, తిట్టలేదు, ఏడవలేదు. గడప మీద కూర్చుని సముద్రం వంక చూసింది. ఆమె తిడితే బాగుండునని శాలేమురాజు కోరుకున్నాడు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి "పూర్ణానందం గారి ఆకాశ సైన్యం" అనే వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ పడింది. నీలాకాశంలో పూర్ణానందం గారు చెయ్యి ఊపుతున్నారు. పైన "ట్రయల్ రన్ విజయవంతం! లబ్ధిదారు నంబర్ వన్ నుంచి తొలి ఉపగ్రహ సందేశం!" అని ఉంది. అప్పటికే నూట నలభై మంది చప్పట్లు కొట్టారు. శాలేమురాజు అలవాటు కొద్దీ దండం బొమ్మ నొక్కాడు. నొక్కిన తర్వాత, పూల అంచు మధ్యలో ఉన్న సందేశం చదివాడు.

"ఇంజను ఆగింది. నీళ్లు వస్తున్నాయి. ముగ్గురం ఉన్నాం. తొందరగా రండి."

దాని కింద అంకెలు ఉన్నాయి. సగం అంకెలు నాయకుడి భుజం కిందకు పోయాయి.

వెంటనే వాసింకు ఫోన్ చేశాడు.

"వాసిం, అది ట్రయల్ కాదు. మా బావ మునిగిపోతన్నాడు!"

"అయ్యో, ట్రయల్ అనుకున్నానన్నా. నిన్న సాయంత్రం వచ్చింది. చాలా సహజంగా రాశారని సార్ కూడా మెచ్చుకున్నారు."

"ఆ అంకెలు పూర్తిగా చెప్పు."

"పోస్టర్లో ఉన్నాయి కదన్నా."

"సార్ భుజం కింద ఉన్నాయి."

"భుజం కదపాలంటే సార్‌ని అడగాలన్నా. పోయినసారి చెవి కొంచెం తెగిందని పెద్ద గొడవ..."

"భుజం సంగతి వదిలెయ్! నీ ఫోన్‌కొచ్చిన మెసేజ్ తీసి చదువు!"

పద్దెనిమిదేళ్లలో పూర్ణానందం గారి మనిషి మీద శాలేమురాజు గొంతు లేవడం అదే మొదటిసారి. అటువైపు వాసిం ఒక్కో అంకె విడదీసి, రెండుసార్లు చదివాడు. "నిజంగా నాకు తెలియదన్నా" అన్నాడు.

అధికారులకు కబురు చేసి, వాళ్ల కోసం కాచుకోకుండా ఆరు పడవలు బయల్దేరాయి. మధ్యాహ్నానికి కనిపెట్టాయి. ముగ్గురూ అన్నం క్యారేజీలతో నీళ్లు తోడిపోస్తూ ఉన్నారు. అరచేతుల తోలు ఊడిపోయి ఉంది.

ఒడ్డుకు చేరాక, కాసిని నీళ్లు తాగి, యేసుపాదం చెప్పాడు. "సోమారం పొద్దున్నే ఆగిందిరా ఇంజను."

"సోమవారమా? మెసేజ్ మంగళవారం సాయంత్రం గదా బావా వచ్చింది?"

"తెంపొద్దన్నావు గదరా" అన్నాడు యేసుపాదం.

కోపంగా అనలేదు. గుర్తుచేసినట్టు అన్నాడు. ఒకటిన్నర రోజు ముగ్గురు మనుషులు నీళ్లు తోడుకుంటూ తన పరువు కాపాడారని శాలేమురాజుకు అర్థమైంది. ఆ పరువు ఎంతదో అతనికి మొదటిసారి కనపడింది, సిగ్గుతో చచ్చిపోయాడు. అక్క మొహం చూడలేక వలల చాటుకు పోయి కూర్చున్నాడు.

*

ఆషాఢం వెళ్లింది. శ్రావణంలో ఒక మంచి బుధవారం చూసి రేపల్లెలో సభ పెట్టారు. ఎల్ఈడీ తెర మీద యేసుపాదం పంపిన నాలుగు వాక్యాలూ ఒకదాని తర్వాత ఒకటి, వాయిద్యాలతో వచ్చాయి. నీళ్లు వస్తున్నాయి అన్నచోట ముందు వరుస కార్యకర్త ఒకడు ఈల వేశాడు.

"నా చట్టం మూడు ప్రాణాలు కాపాడింది!" అన్నారు పూర్ణానందం గారు. యేసుపాదానికి శాలువా కప్పి, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు ఇచ్చారు. ఈ పెట్టెకు లైసెన్సు అవసరం లేదని అందులో తెలుగులో, ఇంగ్లీషులో రాసి ఉంది, కింద వీరరాఘవయ్య గారి సంతకం ఉంది. తర్వాత పెట్టెను తెచ్చి బల్ల మీద పెట్టారు. తెల్లగుడ్డ చిరిగి వేలాడుతోంది.

వీరరాఘవయ్య గారు ముందుకు వంగి చూశారు. "సార్, ముద్ర ముందే తెగిపోయింది. తెగిన ముద్రను కత్తిరించడం ప్రొసీజర్‌లో లేదండి."

పెద్ద నాయకులకూ మనకూ తేడా ఇలాంటప్పుడే తెలుస్తుంది. పూర్ణానందం గారు పది సెకన్లు మాత్రమే ఆలోచించారు.

"మళ్లీ వేసెయ్యండి" అన్నారు.

కొత్త తెల్లగుడ్డ వచ్చింది, సూది వచ్చింది, కొవ్వొత్తి, లక్క వచ్చాయి. రెండు వేల మంది చూస్తుండగా వీరరాఘవయ్య గారు నెమ్మదిగా, ఒక్క కుట్టు వంకర పోకుండా కుట్టారు.

యేసుపాదం ఉండబట్టలేక అడిగాడు. "అయ్యా, అక్కర్లేదని సర్టిఫికెట్టు ఇచ్చారు గదండి. ఇంకా ముద్ర దేనికండి?"

"విప్పడానికి" అన్నారు వీరరాఘవయ్య గారు, దారం కొరుకుతూ.

లక్క ఆరింది. పూర్ణానందం గారు కెమెరాల వైపు నవ్వుతూ కుడిచెయ్యి వెనక్కి చాపారు. శాలేమురాజు కత్తెర పెట్టాడు. అప్పుడే వాసిం పరుగున వచ్చి చెవిలో చెప్పాడు.

"సార్, పన్నెండు దాటింది. రాహుకాలం."

కత్తెర తిరిగి పళ్లెంలోకి వచ్చింది. "మంచి పని చెడ్డ టైములో వద్దమ్మా" అన్నారు పూర్ణానందం గారు ధనమ్మతో. "ఢిల్లీ వెళ్లొచ్చాక, వీలు చూసుకుని వచ్చి నా చేత్తో నేనే విప్పుతా. అప్పటిదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

కార్లు గన్నవరం విమానాశ్రయం వైపు వెళ్లిపోయాయి. సముద్రం రేపు తెల్లవారాక కూడా ఉంటుందని, యేసుపాదం రేపు కూడా దాని మీదకు వెళ్లాలని అక్కడ ఎవరూ అనుకోలేదు. శాలేమురాజు ఒక్కడే పళ్లెం పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దెక్కాక పడవ నీళ్లలోకి దించుతున్నారు. ధనమ్మ గుడ్డ చుట్టిన పెట్టెను రెండు చేతులా పట్టుకొచ్చి, మొగుడికి ఇవ్వలేదు, తమ్ముడి ముందు పెట్టింది. శాలేమురాజు జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. మైకు లేదు, ఫొటో లేదు. ముద్ర తెగింది, కుట్లు తెగాయి, గుడ్డ ఇసుకలో పడింది. పెట్టెలో నంబరు మళ్లీ ధనమ్మదే ఉంది. కరుణశ్రీ చేత కంపెనీకి రాయించి అతనే మార్పించాడు.

"ఇదిగో అక్కా" అని కత్తెర కూడా ఆమె చేతిలో పెట్టేశాడు.

ధనమ్మ బొటనవేలితో అంచు చూసింది. "పదునుగానే ఉందే" అంది.

*

ఆ తర్వాతి వారం తెనాలిలో ఏకైక కిటికీ ప్రారంభమైంది. ఒక గదికి నిజంగానే కొత్త కిటికీ పెట్టి, ఊచలకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. పూర్ణానందం గారు ఆకాశం గురించి నలభై నిమిషాలు మాట్లాడి, మాట్లాడుతూనే కుడిచెయ్యి వెనక్కి చాపారు.

శాలేమురాజు ఎప్పటిలాగే రెండడుగుల వెనక, పళ్లెం పట్టుకుని ఉన్నాడు. పళ్లెంలో పసుపు ఉంది, కుంకుమ ఉంది, నాలుగు బంతిపూలు ఉన్నాయి.

చెయ్యి కాసేపు గాల్లో ఆగింది. పళ్లెంలో దిగి వెతికింది. పసుపు తగిలింది, కుంకుమ తగిలింది, పూలు తగిలాయి. ఎదురుగా పదిహేను కెమెరాలున్నాయి. పూర్ణానందం గారు వెనక్కి తిరగలేదు, నవ్వు చెదరనివ్వలేదు. కుంకుమ అంటిన చెయ్యి ముందుకు తీసుకుని, చూపుడువేలూ మధ్యవేలూ చాచి, రిబ్బను మీద గాల్లో టక్కున ఆడించారు.

చప్పట్లు మారుమోగాయి. దరఖాస్తులు తెచ్చినవాళ్లు బారులు తీరి, రిబ్బను కింద నుంచి చేతులు దూర్చి కాగితాలు ఇవ్వడం మొదలుపెట్టారు.

మర్నాడు దిబ్బపాలెంలో ధనమ్మ వాకిట్లో కూర్చుని చేపలు బాగుచేస్తోంది. యేసుపాదం వేటకు వెళ్లి రెండు రోజులైంది. పక్కన పీట మీద ఆమె ఫోన్ ఉంది. లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

శాలేమురాజు చేతిలో పేపరు చూసి, అటు వంగి, మొదటి పేజీ ఫొటోను పరీక్షగా చూసింది.

"ఏంట్రా రాజూ, ఆయన చేతిలో కత్తెర లేదేంటి?" అంది, కత్తెరతో చేప రెక్కలు కత్తిరిస్తూ.

శాలేమురాజు ఫొటో కింద రాసింది ఇంకోసారి చదువుకున్నాడు.

"రిబ్బన్ కత్తిరించాడనే రాశారక్కా."